చింతపిక్కల లెక్క



పోయిన నెల ఒక తల్లి ఉత్తరం రాసింది. ఆమె పేరు, ఊరు ఇక్కడ అక్కరలేదు. కొడుకు డిగ్రీ పూర్తిచేసి ఇంటి దగ్గరే ఉన్నాడట. రాత్రిళ్ళు ఫోనులో పోకర్ అనే పేకాట నేర్చుకుంటున్నాడట. అడిగితే, "డబ్బు పెట్టడం లేదమ్మా, ఉత్త చిప్పులతోనే ఆడుతున్నాను, ముందు నేర్చుకోనీ" అంటున్నాడట. "డబ్బు పెట్టనప్పుడు నష్టమేముంది అయ్యగారూ? ఊరికే నేర్చుకుంటే తప్పా?" అని ఆమె ప్రశ్న.

"తప్పే" అని ఒక్క మాట రాసి పంపవచ్చు. కాని ఆ జవాబు తల్లికి సరిపోతుంది, కొడుక్కి సరిపోదు. వాడు చదివి, "ఈ పెద్దాయనకి ఆట తెలీదు" అని పక్కన పెడతాడు. అది నిజం కూడా. పేకాట మీద ప్రసంగించేవాళ్ళలో పేక ముట్టనివాళ్ళే ఎక్కువ. నేను మాత్రం ఈ ఆట నేర్చుకున్నాను. అరవై నాలుగేళ్ళ వయసులో, సంఘ పెద్దగా ఉంటూ, బజారుకు వెళ్ళి పేక కట్ట కొన్నాను. కొట్టతను "మాస్టారూ, మీకా?" అని రెండుసార్లు అడిగి, అడగకుండానే న్యూస్ పేపర్లో చుట్టి ఇచ్చాడు. ఎందుకు కొనవలసి వచ్చిందో చెబుతాను.

2024 క్రిస్మస్‌కు మా మేనల్లుడు బెంగళూరు నుంచి వచ్చాడు. అక్కడ ఒక కంపెనీలో ఉద్యోగం, ఇరవై ఆరేళ్ళవాడు, నెమ్మదస్తుడు. 25న ఆరాధనకు వచ్చాడు, పిల్లలతో కలిసి పాటలు పాడాడు, బాగానే ఉన్నాడు. మర్నాటి నుంచి ఒకచోట నిలవలేదు. ఫోను పట్టుకుని డాబా ఎక్కడం, దిగడం. జనవరి 2 దాకా సెలవు పెట్టి వచ్చినవాడు 27నే వెళ్ళిపోతానన్నాడు. మా అక్క నా దగ్గరకు వచ్చి, "తమ్ముడూ, వీడికి అక్కడెవరో పిల్ల ఉన్నట్టుంది, నువ్వే అడుగు" అంది. అడిగాను. పిల్ల కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. ఫోను ఏ రాష్ట్రంలో ఉందో చూసుకుని ఆ యాప్ ఇక్కడ ఆట తెరవదు. కర్ణాటకలో అప్పటికి తెరుచుకునేది. వాడు ఆట కోసం రాష్ట్రం దాటాలనుకుంటున్నాడు!

"మావయ్యా, మీరనుకునే జూదం కాదిది. నైపుణ్యం ఆట. సుప్రీంకోర్టే చెప్పింది" అన్నాడు.

"ఎంత పోయిందిరా?"

"పోలేదు మావయ్యా. నేర్చుకుంటున్నాను. ఫీజు కట్టాననుకోండి."

ఆ "ఫీజు" అన్న మాట నాకు గుచ్చుకుంది. ముప్పై ఏళ్ళు బడిలో పనిచేసినవాణ్ణి. ఫీజు తీసుకునేవాడు పాఠం చెప్పాలి కదా. ఇక్కడ పాఠం చెప్పేదెవరు, ఫీజు వెళ్ళేదెవరికి? అది తెలుసుకోవాలంటే ఆట తెలియాలి. "నాకు నేర్పు" అన్నాను. వాడి ముఖం వెలిగింది. ప్రయాణం మానేశాడు.

పోకర్‌లో చాలా రకాలున్నాయి. ఫోనుల్లో ఎక్కువగా ఆడేదాన్ని టెక్సాస్ హోల్డెమ్ అంటారు. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. అవి తనకే కనిపిస్తాయి. తర్వాత బల్ల మధ్య ఐదు ముక్కలు తెరిచి వేస్తారు: ముందు మూడు, తర్వాత ఒకటి, తర్వాత ఇంకొకటి. అవి అందరికీ ఉమ్మడి. తన రెండూ, ఆ ఐదూ కలిపి ఏడింట్లో మంచి ఐదు ఎవరికి కుదిరితే వారిది గెలుపు. ముక్కలు పంచినప్పుడొకసారి, తెరిచినప్పుడల్లా ఒకసారి పందెం. పందెం కట్టేవాడు కట్టవచ్చు, పెంచేవాడు పెంచవచ్చు, వద్దనుకున్నవాడు ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. అందరూ తప్పుకుంటే మిగిలినవాడికి ఏమీ లేకపోయినా గెలిచినట్టే. అందుకని లేనిది ఉన్నట్టు నటించడం ఈ ఆటలో ఒక విద్య. దాన్ని బ్లఫ్ అంటారు. (ఇది మా అల్లుడు చెప్పినప్పుడు మా ఇంటావిడ, "అబద్ధానికి కూడా మార్కులున్నాయన్నమాట" అంది.) ఇద్దరు మాత్రం ముక్కలు చూడకముందే తప్పనిసరిగా కొంత పెట్టాలి. ఆ వంతు వరసగా అందరికీ తిరుగుతుంది. కాబట్టి ఏమీ ఆడకుండా కూర్చున్నా చేతిలో సొమ్ము కరుగుతూనే ఉంటుంది.

ఆట బాగుంటుంది. దాచడమెందుకు? రమ్మీలాగ ముక్కలు గుర్తుపెట్టుకుంటే చాలదు, ఎదుటి మనిషిని చదవాలి, లెక్క కట్టాలి. యాభై రెండు ముక్కల్లోంచి ఐదు ముక్కల కూర్పులు 25,98,960 వస్తాయి. ఒకే గుర్తులో పది, జాకీ, రాణి, రాజు, ఆసు వరసగా కుదిరేవి వాటిలో నాలుగే. చేతికి ఏదో ఒక జత రావడం పదిహేడింట ఒకసారి. రెండు ఆసులు రావడం 221 ఆటల్లో ఒకసారి. అంత గొప్పగా వచ్చిన ఆ రెండు ఆసులు కూడా, ఎదురుగా ఒక్కడే ఉన్నా, సుమారు ఏడింట ఒకసారి ఓడిపోతాయి. ఈ చివరి లెక్క గుర్తుంచుకోండి. కొత్తగా నేర్చుకునేవాణ్ణి ముంచేది చెత్త ముక్కలే కాదు, మంచి ముక్కలు ఓడిపోయినప్పుడు పుట్టే కోపం. దానికి ఆటగాళ్ళు టిల్ట్ అని పేరు కూడా పెట్టుకున్నారు. రాత్రి ఒంటిగంటకు, జీతం పడిన రోజున ఆ కోపం వస్తే ఏం జరుగుతుందో వాడే చెప్పాడు.

ఇక ఆటకు కూర్చున్నాం. నేను, మేనల్లుడు, వాడి చెల్లెలు, పక్కింటి డిగ్రీ కుర్రవాడు. పందేనికి చింతపిక్కలు, మనిషికి వంద. మా ఇంటావిడ పేక ముట్టనంది. "ముట్టొద్దు, ఈ గిన్నె పట్టుకుని కూర్చో. ప్రతి ఆటలో పోగుపడిన పిక్కల్లో ఇరవైకి ఒకటి చొప్పున తీసి గిన్నెలో వెయ్యి" అన్నాను. అల్లుడు నవ్వాడు. వాడికి అర్థమైంది. ఆట పెట్టిన కంపెనీ గెలవదు, ఓడదు, ప్రతి ఆటలోంచి తన వాటా తీసుకుంటుంది. సాధారణంగా అది నూటికి ఐదు, అటూ ఇటూ. దాన్ని రేక్ అంటారు. "అదెంత మావయ్యా, సినిమా టిక్కెట్టు లాంటిది" అన్నాడు.

మొదటి రోజు సాయంత్రం 62 ఆటలు ఆడాం. వాడి దగ్గర 131, చెల్లెలి దగ్గర 112, కుర్రవాడి దగ్గర 55, నా దగ్గర 48. గిన్నెలో 54. అల్లుడు ఈల వేసుకుంటూ భోజనానికి లేచాడు. రెండో రోజు అవే పిక్కలతో కొనసాగించాం. 29 ఆదివారం కనుక ఆట లేదు. 30న మళ్ళీ కూర్చున్నాం. మూడు రోజుల్లో మొత్తం 180 ఆటలు. ఆఖరున లెక్కపెడితే అల్లుడి దగ్గర 96, చెల్లెలి దగ్గర 81, కుర్రవాడి దగ్గర 43, నా దగ్గర 30. గిన్నెలో 150. పిల్ల ఆ గిన్నె వంక చూసి, "మావయ్యా, ఆడింది మనం, గెలిచింది అత్తయ్య" అంది.

మా నలుగురిలో నిస్సందేహంగా వాడే మంచి ఆటగాడు. వాడికి కూడా నాలుగు పిక్కలు తగ్గాయి. మేం ముగ్గురం వాడికి ఓడింది వాడి చేతిలో నిలవలేదు, గిన్నెలోకి పోయింది. మేం మూడు సాయంత్రాలు తీరిగ్గా ఆడిన 180 ఆటలు ఫోనులో ఎంతసేపు? ఒక బల్ల దగ్గర గంటకు అరవై ఆటలు సులువుగా నడుస్తాయి. వాడు ఒకేసారి రెండు బల్లలు తెరిచి ఆడేవాడు. అంటే గంటన్నర.

రెండు బల్లలు ఎందుకు తెరిచేవాడో కూడా చెప్పాలి. పోకర్ నేర్పే ప్రతివాడూ మొదట చెప్పే పాఠం ఒకటే: చెత్త ముక్కలు పడేయ్, పదింట్లో ఏడెనిమిదిసార్లు తప్పుకో. వాడు ఆ పాఠం బాగానే నేర్చుకున్నాడు. కాని తప్పుకున్నవాడు ఊరికే కూర్చోవాలి కదా. ఆ ఖాళీ భరించలేక రెండో బల్ల తెరిచాడు. ఓపిక నేర్పే పాఠం తీసుకెళ్ళి ఆత్రంలో కలిపాడు. మా పక్కింటి కుర్రవాడైతే ఆ పాఠమూ నేర్వలేదు. "పిక్కలు పెట్టింది చూస్తూ కూర్చోడానికా తాతగారూ" అని ప్రతి ఆటా ఆడాడు. నాలుగు ఇస్పేట్లు వచ్చి ఐదోది రావాల్సి ఉంటే, ఇంకా రెండు ముక్కలు తెరవాల్సి ఉన్నా, అది వచ్చేది మూడింట ఒకసారే. వచ్చిన ఒక్కసారి వాడికి గుర్తుంటుంది.

నైపుణ్యం ఆట అన్నమాట సంగతి చూద్దాం. అల్లుడు చెప్పిన తీర్పు మన రాష్ట్రం కేసే. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాళ్ళను పోలీసులు పట్టుకుంటే, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కనుక అది ప్రధానంగా నైపుణ్యం ఆట అని 1967 నవంబరులో కోర్టు అంది. అది రమ్మీ సంగతి, పోకర్ కాదు. పైగా అదే తీర్పులో, క్లబ్బు యజమాని ఆట మీద లాభం చేసుకుంటుంటే నేరం కావచ్చని కూడా ఉంది. ప్రకటనలు ఇచ్చినవాళ్ళు మొదటి సగం చదివి రెండో సగం మడిచిపెట్టారు.

పోనీ, పోకర్‌లో నైపుణ్యం ఉందనే ఒప్పుకుందాం. నిజంగానే ఉంది. అప్పుడు కొత్తగా వచ్చినవాడు ఇంకా భయపడాలి కదా! చీట్లు ఎత్తే ఆటలో కొత్తవాడూ పాతవాడూ సమానం. కుస్తీ గోదాలో సమానం కాదు. నైపుణ్యం ఆట అంటే తెలిసినవాడు తెలియనివాడి సొమ్ము తీసుకునే ఆట అని. తెలిసినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఫోనులో అదే బల్ల దగ్గర కూర్చుని ఉంటారు, పేర్లూ ముఖాలూ ఉండవు. కొన్నిచోట్ల మనుషులే ఉండకపోవచ్చు. 2019లో అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారు, ఫేస్‌బుక్ వారు కలిసి తయారుచేసిన ప్లూరిబస్ అనే ప్రోగ్రాము ఆరుగురు కూర్చునే పోకర్‌లో పేరుమోసిన ఆటగాళ్ళనే ఓడించింది. 2007-08 ప్రాంతాల్లో విదేశాల్లోని రెండు పోకర్ సైట్లలో కొందరికి అవతలివాళ్ళ మూసిన ముక్కలు కనిపించేవని బయటపడింది. అయితే మావాడు ఆడిన యాప్ మోసం చేసిందని నేననను. ఏ మోసమూ లేకుండానే మా గిన్నెలో 150 పిక్కలు చేరాయి.

"మరి గెలిచినవాళ్ళు లేరా మావయ్యా?" అన్నాడు. ఉన్నారు. వాడు చెప్పిన పేరు క్రిస్ మనీమేకర్. అది ఆయన అసలు ఇంటిపేరే. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో లెక్కలు చూసుకునే ఉద్యోగి. 2003లో ఇంటర్నెట్‌లో 86 డాలర్లు పెట్టి ఒక పోటీ గెలిచి, దానితో లాస్ వేగాస్‌లో ప్రపంచ పోటీకి వెళ్ళి 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ ఏడు ఆ పోటీకి వచ్చినవారు 839 మంది. ఆ కథ విని, మూడేళ్ళకు 2006లో 8,773 మంది వచ్చారు. 2006లో మొదటివాడెవడో మీరెవరైనా చెప్పగలరా? మా అల్లుడు చెప్పలేకపోయాడు.

31 ఉదయం వాడి బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి ఇద్దరం కూర్చున్నాం. ఈ పని అన్నిటికంటే కష్టమైంది. ఆట మొదలుపెట్టి పద్నాలుగు నెలలు. గెలిచి వెనక్కి తీసుకున్న ప్రతి మొత్తం వాడికి తేదీతో సహా గుర్తుంది: దసరాకు 11,000, ఫిబ్రవరిలో 6,500. పెట్టింది ఒక్కటీ గుర్తులేదు. ఐదు వందలు, వెయ్యి, రెండు వందలు, ఒక్కో రాత్రి ఆరుసార్లు. నేను చదువుతుంటే వాడు కాగితం మీద రాశాడు. పెట్టింది 2,61,500. తీసుకుంది 79,000. "ఫీజు" 1,82,500 రూపాయలు. అందులో లక్ష వాడు పాడుకున్న చీటీ డబ్బు. చెల్లెలి పెళ్ళికని మా అక్క వాడి చేతికిచ్చి ఉంచింది.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంకొంచెం నేర్చుకుంటే సమానం చేసేవాణ్ణి మావయ్యా" అన్నాడు. ఆ మాటకు నేను కోప్పడ్డాను. కోప్పడి ఉండకూడదని తర్వాత అనిపించింది. ఆ రాత్రి ఏడాది ఆఖరు ఆరాధన అయ్యాక తనంతట తానే వాళ్ళమ్మకు చెప్పాడు. మా అక్క ఏడవలేదు, అరవలేదు. "చెల్లెలికి కూడా నువ్వే చెప్పు" అంది. నాకైతే అంత ధైర్యం ఉండేది కాదు.

సంఘంలో కొందరు నన్ను, "పేకాట వద్దని బైబిల్లో ఎక్కడుందయ్యా?" అని అడుగుతుంటారు. పేక అన్న మాట అందులో లేదు. చీట్లు వేయడం ఉంది. అపొస్తలులు పన్నెండవవాణ్ణి ఎంచుకోవలసి వచ్చినప్పుడు ప్రార్థించి చీట్లే వేశారు. సిలువ కింద సైనికులు కూడా చీట్లే వేశారు. చీటీ ఒకటే. మొదటివారు తమకోసం ఏమీ అడగలేదు, రెండవవారు ఇంకొకడి అంగీ మీద కన్నువేశారు. మా అల్లుడితో ఇంతకంటే వాదించలేదు. చింతపిక్కల గిన్నె చెప్పినంతగా నేను చెప్పలేను.

తర్వాత 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల చట్టం చేసింది. 22న రాష్ట్రపతి ఆమోదించారు. నైపుణ్యమా అదృష్టమా అన్న వాదం లేకుండా, డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. ఆడించేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడినవాడికి శిక్ష పెట్టలేదు. ఈ తేడా సబబే అని నా అభిప్రాయం. పేరున్న కంపెనీలు ఆ నెలలోనే డబ్బు ఆటలు ఆపేశాయి. అప్పుడు మా అల్లుడు ఫోను చేసి, "యాప్‌లో మిగిలిన 640 రూపాయలు వెనక్కి వచ్చాయి మావయ్యా" అన్నాడు. అంటే ఎనిమిది నెలలుగా ఆ 640 తియ్యకుండా అందులోనే ఉంచాడన్నమాట! నేనేమీ అనలేదు. చెప్పాడు కదా, అదే చాలు.

ఆ వారంలోనే వాడి స్నేహితుడొకడు టెలిగ్రాములో ఒక లింకు పంపాడట. విదేశీ సైటు. డబ్బు మాత్రం ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి యూపీఐకి పంపాలి. గెలిస్తే ఇస్తాడో లేదో అడిగే దిక్కు లేదు. వాడు ఆ లింకు నాకు చూపించి తీసేశాడు.

ఇక ఉత్తరం రాసిన అమ్మకు. ఉత్త చిప్పుల ఆట చట్టప్రకారం నేరం కాదు. మీ అబ్బాయి అబద్ధం చెబుతున్నాడనీ నేననుకోను. మావాడు కూడా మొదట రెండు నెలలు చిప్పులతోనే ఆడాడు. ఉచిత బల్ల దగ్గర పోయేదేమీ లేదు కనుక అందరూ చెత్త ముక్కలతో కూడా చివరిదాకా ఉంటారు. కాస్త ఆలోచించి ఆడేవాడు అక్కడ వరసగా గెలుస్తాడు. గెలిచి, "నాకు వచ్చేసింది" అనుకుంటాడు. లింకు పంపేవాడు ఎదురుచూసేది ఆ అనుకోవడం కోసమే. అబ్బాయిని నాలుగు చింతపిక్కలు తెచ్చి మీకే ఆట నేర్పమనండి. గిన్నె మీరు పట్టుకోండి. ముందే డబ్బు పెట్టి ఉన్నాడేమోనని అనుమానముంటే బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన కూర్చుని చదవండి, చదివేటప్పుడు నాలాగ కోప్పడవద్దు. నిద్ర లేకపోవడం, ముభావంగా ఉండటం, బతుకు మీద విసుగు మాటలు వినిపిస్తే ఆలస్యం చేయవద్దు. ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. సైబరు మోసంలో డబ్బు పోతే 1930కు వెంటనే చెప్పాలి.

మా అల్లుడు నెలకు 9,000 చొప్పున వాళ్ళమ్మ ఖాతాలో వేస్తున్నాడు. చెల్లెలి పెళ్ళి ఆరు నెలలు వెనక్కి జరిగింది. మగపెళ్ళివారికి కారణం కూడా వాడే వెళ్ళి చెప్పి వచ్చాడు.